మూడా, నాలుగా, ఐదా? బందరు ఐసులో మా బావమరిది

కాశీకి వెళ్లినవారు గంగాజలం తెస్తారు. తిరుపతికి వెళ్లినవారు లడ్డూ తెస్తారు. కృష్ణా డెల్టాలో నాలుగు రోజులు తిరిగి నేను తెచ్చినది ఒక అంకె. అది మూడా, నాలుగా, ఐదా అని తేల్చడానికి ఇద్దరు షష్టిపూర్తి గడిచిన పెద్దమనుషులు ఒక వ్యానూ, ఒక పలకా వెంటబెట్టుకొని, అయిదు దిమ్మల ఐసు కరిగిస్తూ తిరుగవలసి వచ్చింది. పుణ్యం ఎంత వచ్చిందో చెప్పలేను. పడిశం మాత్రం వచ్చింది.

మా బావమరిది సాంబశివరావు గుడివాడలో ముప్పై ఏళ్లు డ్రిల్లు మాస్టారు. ఉద్యోగం విరమించినా ఈలను విరమించలేదు. అది ఇప్పటికీ మెడలోనే ఉంటుంది. మోకాళ్లు అరిగాయి, పరుగు మానమని డాక్టరు చెప్పిన నాటినుంచి నేల విడిచి నీటిమీద పడ్డాడు. అంతకుముందు దివిసీమ మడ అడవులమీద పరిశోధనకు వచ్చి రెండేళ్లున్న డంకన్ అనే స్కాట్లండు మనిషి, స్వదేశానికి వెళ్తూ తన పదడుగుల పలకను ఇతనికి వదిలి వెళ్లాడు. దానిమీద నిటారుగా నిలబడి, పొడవైన తెడ్డు వేసుకుంటూ అలలమీద జారిపోవడం వారి దేశంలో ఒక క్రీడ. కూర్చోవడానికి వీలున్నచోట నిలబడటం డ్రిల్లు మాస్టర్లకు సహజగుణం గనుక మావాడికి అది వెంటనే పట్టుబడింది.

చైత్రమాసంలో డంకన్ నుంచి ఈ-మెయిలులో ఉత్తరం వచ్చింది. వైశాఖంలో అరవై దాటినవారికి తమ ఊరి సముద్రంలో పందెం ఉందనీ, రమ్మనీ పిలుపు. తరువాత ఈ మాటలు: "అప్పటికి మా సముద్రం తొమ్మిది డిగ్రీలుంటుంది. చలికి తొడుక్కునే రబ్బరు వెట్‌సూటు నేనే కొంటాను. కొన్నది దుకాణంవాళ్లు మార్చరు. నిన్ను ఏటిలో చూశాను గాని అలల్లో చూడలేదు. కనుక ఒక్కటే అడుగుతున్నాను: అలల్లో గంటకు ఎన్నిసార్లు పడతావు? ఆదివారంలోగా నిజం రాయి. మందం సంగతి దాన్నిబట్టి తేలుతుంది."

ఈ ఉత్తరం సంగతి విని రాజమండ్రిలో నా సహధర్మచారిణి నన్ను పిలిచి చెప్పింది: "వాడు పుట్టినప్పటినుంచీ నిజం రాసిన పరీక్ష ఒక్కటీ లేదు. మీరు వెళ్లి దగ్గరుండి రాయించండి. తమ్ముడు ఎలా వెళ్లాడో అలా తిరిగి రావాలి." నలభై ఏళ్లు తెలుగు పండితుడిగా జవాబు పత్రాలు దిద్దినవాడిని. ఇంతకంటె బరువైన పత్రం దిద్దలేదు.

గుడివాడ

ఇల్లు వెతుక్కోనక్కరలేకపోయింది. పెరటి దండెంమీద తలలులేని ముగ్గురు నల్లని మనుషులు వేలాడుతున్నారు. విశాఖలో ఓడల అడుగున దిగి మరమ్మతులు చేసే పాత శిష్యుడొకడు నాలుగు రోజులకని ఎరువిచ్చిన మూడు వెట్‌సూట్లవి. ఒకటి మూడు మిల్లీమీటర్ల మందం, ఒకటి నాలుగు, ఒకటి ఐదు.

తడవకుండా కాపాడేది వెట్‌సూటని నేను భ్రమించాను. కాదట. లోపలికి కొద్దిగా నీరు చేరుతుంది. అది ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలిచిపోతుంది. రబ్బరులోని సన్నని గాలిబుడగలు ఆ వేడిని బయటకు పోనివ్వవు. పలకమీద నిలబడినంతసేపూ పలుచనిది చాలు, ఎందుకంటే తెడ్డు వేసేవాడికి ఒళ్లు అదే కాగుతుంది. కాని పడిన ప్రతిసారీ మెడ దగ్గరనుంచి చల్లని నీరు దూరి, ఆ వెచ్చని నీటిని వెళ్లగొడుతుంది. పడేవాడికి మందం కావాలి. పడనివాడికి మందం బరువు. భుజాలు తెడ్డుతో పోరాడవలసినది పోయి రబ్బరుతో పోరాడతాయి. అదీ సంగతి.

మా బావమరిది భార్య కామేశ్వరి ఇడ్లీలు వడ్డిస్తూ మొదలుపెట్టింది. గుడివాడ ఇడ్లీమీద నెయ్యి ఎంత పోస్తారంటే, కారప్పొడి ఈదుకుంటూ ఒడ్డుకు చేరవలసిందే. మా రాజమండ్రిలో ఇడ్లీని చట్నీతో పలకరిస్తాం. ఇక్కడ అభ్యంగనం చేయిస్తారు.

"దొర అడిగింది ఒక్క ముక్క అన్నయ్యగారూ. ఎన్నిసార్లు పడతావని. ఈయన నోట అంకె రాదు."

"సున్నా అన్నానుగా!" అన్నాడు సాంబశివరావు. "నేను పడను. మూడు చాలు. ఐదు మిల్లీమీటర్లు ముసలాళ్లకి."

"మీకెన్నేళ్లండీ?"

"వయసు వేరు, మనిషి వేరు."

"మరి మొన్న చెవిలో నీళ్లుపోయి నాలుగు రోజులు ఒంటి చెవిమీద పడుకుందెవరు? పక్కింటాయనా?"

సాంబశివరావు ఈల ఊదాడు. ఆ ఇంట్లో వాదం ముగిసిందనడానికి అదే గుర్తు. నేను ఇంకొక ఇడ్లీ వేయించుకున్నాను.

గుడ్లవల్లేరు

పలకను వ్యాను కప్పుమీద వేసి, ఎండకు పాడవకుండా తెల్లని పంచె చుట్టి, రెండు చివరలా తాళ్లతో కట్టాం. ఈ పనిలోని దోషం మాకు గుడ్లవల్లేరు వచ్చేదాకా తెలియలేదు. అక్కడ సెంటర్లో మోటారుసైకిళ్లు పక్కకు తొలగాయి. ఇంజనీరింగు కాలేజీ కుర్రాళ్లు నవ్వులాపి నిలబడిపోయారు. టీ దుకాణం ముందు కూర్చున్న ఒక పెద్దాయన భుజంమీది తువ్వాలు చేతిలోకి తీసుకుని, వ్యాను దగ్గరికి వచ్చి మెల్లగా అడిగాడు.

"ఎవరు పోయారండీ?"

కప్పుమీద ఏముందో నేను తల బయటపెట్టి చూసుకునే లోపల, ముందు సీట్లోనుంచి మా బావమరిది సమాధానం చెప్పాడు.

"ఇంకా పోలేదండీ. వైశాఖంలో."

పెద్దాయన నావైపు జాలిగా చూశాడు. ఇద్దరిలో నేనే పెద్దవాడిలా కనిపిస్తాను గనుక, ఆ వైశాఖం నాదే అనుకున్నట్టున్నాడు. "ధైర్యంగా ఉండండి బాబాయిగారూ" అన్నాడు. టీలకు డబ్బులు పుచ్చుకోనివ్వలేదు. ఆ టీ చాలా బాగుంది. మేము నిజం చెప్పలేదు.

బందరు

తొమ్మిది డిగ్రీల నీరు చైత్రమాసపు కృష్ణాజిల్లాలో ఎక్కడ దొరుకుతుంది? ఈ ప్రశ్నకు సాంబశివరావు కనిపెట్టిన జవాబు విన్నప్పుడు అతనిమీద నాకు తొలిసారి గౌరవం కలిగింది. గిలకలదిండి హార్బరు దగ్గర ఐసు ఫ్యాక్టరీ ఉంది. అక్కడ చేపలను ఐసులో వేసి ఉంచే పెద్ద టబ్బులున్నాయి. మనిషి కూర్చుంటే మెడదాకా వస్తాయి. నీటి వేడి చూసుకోవడానికి ఒక చేపలచెరువు రైతు దగ్గర థర్మామీటరు అడిగి తెచ్చాడు.

ఫ్యాక్టరీలో ఐసు కొట్టించే నాంచారయ్య అనే ఆయన మాకు పెద్దదిక్కు. ఇరవై ఏళ్లు బోట్లమీద, చేపలు దాచే ఐసుగదిలో దిగి పనిచేసిన మనిషి. కాలి బొటనవేళ్లకు ఇప్పటికీ స్పర్శ లేదని, అదొక బిరుదులాగా చెప్పుకొన్నాడు. మా ప్రయత్నం విని ఆశ్చర్యపోలేదు. "మాస్టారూ, ఎంతసేపు కూర్చుంటారు? కొర్రమీనంతసేపా, రొయ్యంతసేపా?" అని మాత్రం అడిగాడు.

నేను శాకాహారిని. ఆ వాసనలో నిలబడి నా పూర్వజన్మ పాపాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ థర్మామీటరు పట్టుకున్నాను. ఐసుపొడి వేయగా వేయగా పాదరసం తొమ్మిదికి దిగింది. పరీక్ష ఎలాగంటే, నిమిషానికొకసారి సాంబశివరావు ఈల ఊదాలి. ఊదగలిగినంతసేపూ చలి గెలవనట్టు.

మూడు మిల్లీమీటర్ల సూటు తొడుక్కుని, పెళ్లిపీటలమీద కూర్చున్నంత దర్జాగా టబ్బులో కూర్చున్నాడు. అయిదు ఈలలు గట్టిగా వినిపించాయి. ఆరోది కొంగ కూతలా ఉంది. ఎనిమిదో నిమిషంలో ఈల నోటనే ఉంది. గాలి మాత్రం పక్కనుంచి పోయింది.

"బా… బా… బాగానే ఉంది" అన్నాడు.

చేపలు గంపలకెత్తుతున్న ఆడవాళ్లు పని ఆపి చుట్టూ చేరారు. "బయటికి తియ్యండయ్యా పెద్దాయన్ని! పులుసుకి కూడా పనికిరాకుండా పోతాడు" అందొకామె.

బయటకు తీసి, ఎండలో నిలబెట్టి, టీ తాగించాం. గంట గడిచాక నాలుగు మిల్లీమీటర్లది తొడిగాం. ఇది మేలు. పన్నెండు నిమిషాలదాకా ఈల స్వచ్ఛంగా పలికింది. సాంబశివరావు నావైపు విజయగర్వంతో చూశాడు. అప్పుడు నాంచారయ్య ఒక చెంబెడు ఐసునీళ్లు తీసుకుని, ఏమీ చెప్పకుండా, మెడ దగ్గర సూటులోపలికి పోశాడు.

నేను వ్యాకరణశాస్త్రంలోగాని నిఘంటువులోగాని చూడని అక్షరమొకటి మా బావమరిది నోట వెలువడింది.

"అది మీరు పడ్డట్టు లెక్కండీ" అన్నాడు నాంచారయ్య. రెండు నిమిషాలకు మరొక చెంబు. తరువాత ఇంకొకటి. నాలుగో చెంబుకు ఈల మూగబోయింది.

ఐదు మిల్లీమీటర్లది తొడగడానికి ముగ్గురం పట్టవలసి వచ్చింది. అందులో అరగంట కూర్చున్నాడు. నాలుగు చెంబులూ పోశాం. చలించలేదు. కాని ఈలను నోటిదాకా తెచ్చుకోవడమే యుద్ధమైంది. చేయి ఎత్తినప్పుడల్లా రబ్బరు కిందికి లాగుతోంది. "దీనితో తెడ్డు వెయ్యాలా? దీనికంటె గడ్డకట్టి చావడం మర్యాద" అన్నాడు.

సూట్లు ఆరేసి, ఐసు బస్తాలమీద కూర్చున్నప్పుడు నాంచారయ్య చెప్పిన మాట ఈ యాత్రలో నేను నేర్చుకున్న శాస్త్రం.

"ఐసు కొట్టించుకోడానికి బోటు వస్తది కదండీ. ఎన్ని రోజులుంటావు సముద్రంలో అని మేం అడగం. ఐసుగది మూత ఎన్నిసార్లు తీస్తావని అడుగుతాం. ఒక్కసారి నింపి మూతేసి వచ్చేవాడికీ, గంటగంటకీ మూత తీసేవాడికీ ఒకటే ఐసు ఎట్టా సరిపోద్ది? మీరు ఎన్నిసార్లు తీస్తారండీ, మాస్టారూ?"

"తీయను" అన్నాడు సాంబశివరావు.

"అందరూ అదేనండీ అనేది. ఐసు ఖర్చు తక్కువలో పోద్దని. ఒడ్డుకొచ్చి మూత తీస్తే తెలుస్తది, చేప చెప్పిద్ది."

సాంబశివరావు ఈసారి ఈల ఊదలేదు. బజారుకు వెళ్లి మా ఇంటికని నేను కొన్న అరకిలో తొక్కుడు లడ్డూ పొట్లం విప్పి, వణుకు తగ్గడానికని ఒకటి నోట్లో వేసుకున్నాడు. వణుకు ఏడు లడ్డూలదాకా తగ్గలేదు. బందరు లడ్డూలో నెయ్యి, ఏలకులు, ఒక విధమైన రాజసమూ ఉంటాయి. ఈ వాక్యం మిగిలిన ఒక్క లడ్డూను ఆధారం చేసుకుని రాస్తున్నాను.

దివిసీమ

మరునాడు చల్లపల్లి మీదుగా పులిగడ్డ వంతెన దాటాం. పంచె తీసేసి పలకకు చాప చుట్టాం గనుక ఎవరూ తువ్వాళ్లు చేతిలోకి తీసుకోలేదు. అవనిగడ్డలో గది తీసుకుని, ఆదివారం ఉదయానికల్లా పాలకాయతిప్ప చేరాం. హంసలదీవి దగ్గర కృష్ణ సముద్రంలో కలిసే చోటు అదే. మా గోదావరి ఏడుపాయలై హుందాగా కలుస్తుంది. కృష్ణ ఇక్కడ, ఇన్ని కాలువలకు పంచి ఇచ్చాక మిగిలినదేదో పట్టుకుని, ఆలస్యంగా వచ్చిన పెళ్లిచుట్టంలా నిశ్శబ్దంగా లోపలికి వెళ్తుంది. ఈ మాటకు కృష్ణాజిల్లావారు నన్ను క్షమించరని తెలుసు. ముందే ఇడ్లీలు తిని వచ్చాను గనుక చెప్తున్నాను.

సాంబశివరావు మొదట ఐదు మిల్లీమీటర్లది తొడుక్కుని నీళ్లలో దిగాడు. అక్కడ నీరు ఇంచుమించు స్నానానికి తోడిపెట్టినంత వేడి. పావుగంటలో పులుసులో ఉడికిన వంకాయ రంగుకు తిరిగి ఒడ్డుకు వచ్చాడు. సూటు కాళ్లు విప్పితే చెంబెడు చెమట కారింది. మూడు మిల్లీమీటర్లది తొడిగాం. నేను గడియారం చూసి ఒక గంట పెట్టాను.

పడినప్పుడల్లా ఇసుకలో గీత గీద్దామనుకున్నాను. రెండు గీతలు గీయగానే అల వచ్చి తుడిచేసింది. ఇక లాభంలేదని కండువా కొసన ముడులు వేయడం మొదలుపెట్టాను. ఏటిలో మావాడు రాజే. అలలు వేరు రాజ్యం. మొదటి అలకు నిలబడ్డాడు. రెండోదానికి తెడ్డొకవైపు, తానొకవైపు. లేచి నావైపు చూసి అరిచాడు.

"అది పడటం కాదు బావగారూ! కావాలనే దిగాను!"

నేను ముడి వేశాను.

వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు జాలర్లు నా పక్కకు చేరారు. వారిలో పెద్దవాడు చాలాసేపు చూసి అడిగాడు. "ఆయన ఎందుకు నిలబడ్డాడండీ?"

"అదొక క్రీడ."

"కూర్చుంటే పోలా?"

అరవై ఏళ్ల శాస్త్రపాఠంలో ఇంత సూటియైన పూర్వపక్షం నేను వినలేదు. జాలర్లిద్దరినీ వెంటబెట్టుకుని తాటిముంజెల బుట్ట దగ్గరికి వెళ్లాను. డజను పది రూపాయలు. మా దగ్గరకంటె రెండు రూపాయలు తక్కువ, నీరు రెండింతలు. తింటూ తిరిగివచ్చేసరికి మావాడు పలకమీద పడి దగ్గుతున్నాడు. గంట గడిచేసరికి కండువాకు పదమూడు ముడులు.

మా బావమరిది ఒడ్డుకు వచ్చి, ముడులవైపు చూడకుండా, నన్ను పలకెక్కమన్నాడు. పంచె గోచీ పెట్టి, మోకాలిలోతు నీళ్లలో ఎక్కాను. నిలబడ్డానని అనుకునేలోపలే సముద్రం నోట్లో ఉంది. గట్టిగా ఈల వినిపించింది. "ఒకటి!" అని సాంబశివరావు నాకు లెక్కపెట్టాడు. జాలర్లు చప్పట్లు కొట్టారు.

అవనిగడ్డ నెట్ సెంటరు

సాయంత్రం అవనిగడ్డలో గంటకు పదిహేను రూపాయల నెట్ సెంటర్లో కూర్చున్నాం. ఆదివారం గడువు. మావాడి వేళ్లు ఉప్పునీటికి నాని ఉన్నాయి గనుక, ఇంగ్లీషు అక్షరాలను ఒంటివేలితో ఒక్కొక్కటే పొడుస్తూ నేను రాస్తున్నాను.

"నమస్కారం రాయండి. కుశలమే అని రాయండి. పలక బాగుందని రాయండి" అన్నాడు. రాశాను. "గంటకు…" అన్నాడు.

నేను వేలు ఎత్తిపట్టుకుని కూర్చున్నాను. పైన ఫ్యాను తిరుగుతోంది. పక్క సీట్లో ఎవరో పెళ్లిచూపుల ఫొటో పంపిస్తున్నారు.

"సున్నా రాయనా?" అన్నాను. నా స్వరంలో కొంత విషం ఉన్నమాట నిజం.

"మూడు రాస్తే?"

"నాంచారయ్య చెంబు పట్టుకుని స్కాట్లండు రాడు గదోయ్. సముద్రమే పోస్తుంది."

అతను నా భుజంమీది కండువా కొస చేతిలోకి తీసుకున్నాడు. ముడులు తడుముతూ లెక్కపెట్టాడు. "పదమూడు" అన్నాడు.

"అవును, పదమూడే. ఇందులో నీవు కావాలని దిగినవి ఎన్నో చెప్పు, తీసేద్దాం."

మా బావమరిది తలవంచుకుని కండువా కొసన ఇంకొక ముడి వేశాడు. నానిన వేళ్లతో, చాలాసేపు పట్టింది.

"ఇదేమిటి?"

"మీరు ముంజెలకి అటు వెళ్లినప్పుడు ఒకటి. అన్నిటిలోకి పెద్దదదే."

"నేను చూడలేదు గదా. జాలర్లూ నావెంట ముంజెల దగ్గరే ఉన్నారు. ఎవరూ చూడనిది ఎందుకు?"

"నీళ్లు చూశాయిగా బావగారూ. మెడలోంచి లోపలిదాకా వెళ్లి మరీ చూశాయి." ముడి కొస లాగి బిగించాడు. "పద్నాలుగు. అలాగే రాయండి."

అన్నేళ్లు జవాబు పత్రాలు దిద్దినవాడిని. తన మార్కు తానే తగ్గించి తెచ్చి ఇచ్చిన విద్యార్థి నాకు ఒక్కడూ తగలలేదు. పద్నాలుగు అని రాసి, పొరపాటు రాకుండా అక్షరాల్లో కూడా రాశాను.

తిరుగు దారి

గుడివాడ చేరేసరికి డంకన్ జవాబు వచ్చి ఉంది. "పద్నాలుగా! మా క్లబ్బులో ఇన్నేళ్లలో రెండుకు మించి ఒప్పుకున్నవాడు లేడు. అందుకే ఏటా ఎవరో ఒకరిని నీలిరంగులో ఒడ్డుకు మోసుకొస్తాం. ఐదు మిల్లీమీటర్లది కొన్నాను. తలకు టోపీ, చేతులకు, కాళ్లకు తొడుగులు కూడా. భుజాలు పట్టేస్తాయి, అలవాటు చేసుకో."

కామేశ్వరి ఆ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. తరువాత భర్తకు ఇడ్లీమీద మామూలుకంటె రెండు గరిటెలు ఎక్కువ నెయ్యి పోసింది. ఇంకేమీ అనలేదు. వైశాఖం వచ్చేవరకూ ప్రతి ఉదయం గుడివాడ కాలువమీద ఐదు మిల్లీమీటర్ల ఎరువు సూటులో ఒక నల్లని మనిషి చెమటోడుస్తూ తెడ్డు వేయడం ఊరంతా చూసిందట. శిష్యుడు సూటు వెనక్కి అడగడానికి మొగమాటపడ్డాడు.

నేను రాజమండ్రి చేరాను. ముడుల కండువాను మా ఆవిడ ఉతకబోతే వద్దన్నాను. ఉప్పునీటికి బిగుసుకుపోయాయి, ఎలాగూ రావు. అవి ఏమిటని అడిగింది. "మీ తమ్ముడు రాసిన పరీక్ష" అన్నాను. లెక్కపెట్టి చూసి, దండెంమీద విడిగా ఆరేసింది.

పందెం జరిగిన రోజు సాయంత్రం ఫోను మోగింది. ఆమె పీటమీదనుంచి లేవకుండా నన్నే తీయమంది. అంత ధైర్యవంతురాలు ఆ క్షణాన గ్లాసు పట్టుకున్న చేయి దించలేదు.

"బావగారూ, ఇరవై రెండు!"

"ఎన్నో స్థానమోయ్?"

"అదెవరడిగారండీ? ఇరవై రెండుసార్లు పడ్డాను. డంకన్ లెక్క ఇరవై ఒకటే. నేనే దిద్దించాను."

మాట స్పష్టంగానే ఉంది. అయినా బందరు టబ్బులో ఎనిమిదో నిమిషాన "బాగానే ఉంది" అన్న మనిషి ఇతనే గనుక నేను మాటను నమ్మలేదు. రిసీవరు మా ఆవిడ చెవి దగ్గర పెట్టి, "ఏమోయ్, మీ అక్కయ్య వింటోంది. ఈల ఊదు" అన్నాను.

ఊదాడు. ఆ ఈల మోతకు ఆమె చేతిలోని గ్లాసు జారి వంటింటిదాకా దొర్లింది.